వాడిన నీళ్లు ఎటు పోతున్నాయి? మన గూడేల మురుగునీటి చరిత్ర



ఏటా పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా మహాపూజ కోసం మెస్రం వంశస్థులు కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. ఆ ఝరిలోని నీటికి ఎంత విలువ ఇస్తారో మనందరికీ తెలుసు. ఊరికి వచ్చే నీటిని మనం ఎన్నడూ తేలిగ్గా చూడలేదు. బావి తవ్విన ఏడాది పెద్దలకు గుర్తుంటుంది. బోరింగు వేసిన ఏడాది గుర్తుంటుంది. ఇంటికి నల్లా వచ్చిన రోజు తీసిన ఫోటో కూడా చాలామంది ఫోన్లలో ఉంటుంది. కానీ వాడిన తర్వాత ఆ నీళ్లు ఎటు పోయాయన్నది ఎవరూ రాసిపెట్టలేదు.

మన పోరాటాల గురించి, భాష గురించి, దండారి గురించి రాసే పెద్దలు ఈ సంచికలో ఉంటారు. ఆదివాసీ హాస్టళ్లలో పిల్లల్ని చూసుకునే మేము మాత్రం మురుగునీటి చరిత్ర ఎంచుకున్నాం. కారణం ఒకటే. వానాకాలం మొదలయ్యిందంటే మా దగ్గరికి వచ్చే సెలవు చీటీల్లో కనిపించే మాటలు: విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు, జ్వరం. జూలైలో ఇంటికి వెళ్లిన పిల్ల ఆగస్టు చివర్లో తిరిగొస్తే, అప్పటికి లెక్కల్లో మూడు పాఠాలు దాటిపోతాయి. ఒక్కోసారి ఆ పిల్ల తిరిగి రాదు. చదువు ఆగిపోవడానికి పెళ్లి, పేదరికం, దూరం కారణాలని అందరూ చెబుతారు. ఇంటి ముందు నిలిచిన నీళ్లు కూడా ఒక కారణమని చెప్పేవాళ్లు తక్కువ.

ఊరు కదిలే రోజుల్లో

మన తాతల కాలంలో గూడేనికి మురుగు సమస్య ఎందుకు లేదు? వాళ్ల దగ్గర గొప్ప యంత్రం ఏదీ లేదు. మూడు విషయాలు మాత్రం ఉన్నాయి.

మొదటిది, నీళ్లు తక్కువ. వాగు నుంచో బావి నుంచో నెత్తిన మోసుకొచ్చిన నీళ్లను ఎవరూ ఊరికే పారబోయరు. వంటకు, తాగడానికి సరిపడా ఇంటికి వచ్చేవి. స్నానం, బట్టలు వాగు దగ్గరే. రెండోది, ఇళ్లు దూరం దూరంగా ఉండేవి. ఇంటి వెనక పోసిన గిన్నెలు కడిగిన నీళ్లు పాదులోకో పెరట్లోకో ఇంకిపోయేవి. మూడోది, ఊరే కదిలేది. పోడు కోసమో, రోగం వచ్చిందనో, చోటు కలిసిరాలేదనో గూడెం లేచి ఇంకోచోట కూర్చునేది. 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి రాసిన హైమన్‌డార్ఫ్ పుస్తకాల్లో కూడా ఇలా చోటు మార్చుకునే ఊళ్ల ప్రస్తావన ఉంది. ఊరు వదిలిన నేలను ఎండ, వాన, చెట్టు కలిసి శుభ్రం చేసేవి.

వాగు దగ్గర కూడా ఒక కట్టుబాటు ఉండేది. పైన తాగే నీళ్లు, దాని కింద స్నానాలు, ఇంకా కింద పశువులు. ఏ పుస్తకంలోనూ రాయకపోయినా ఇది మంచి పారిశుద్ధ్య నియమం.

అలాగని పాత రోజులన్నీ ఆరోగ్యంగా గడిచాయని మనం అనుకోకూడదు. కలరా, మశూచి గూడేలను ఖాళీ చేసిన కథలు మన అవ్వలు చెబుతూనే ఉన్నారు. ఆనాటి పద్ధతి ఆనాటి జనాభాకు, ఆనాటి నీటికి సరిపోయింది. అంతవరకే.

చెలమ చెప్పిన పాఠం

వాగు పారుతున్నా మన ఆడవాళ్లు నేరుగా అందులో ముంచుకునేవారు కాదు. ఒడ్డున ఇసుకలో చెలమ తీసేవారు. మొదట ఊరిన మడ్డి నీళ్లు తోడి పారబోసి, తేటనీరు వచ్చాక ముంచుకునేవారు. వాగు నీరు ఇసుకలోంచి నెమ్మదిగా వస్తూ మట్టిని, చెత్తను వెనక వదిలేస్తుంది.

ఇదే పనిని పెద్ద ఎత్తున చేసిన వారిని చరిత్ర పుస్తకాలు ఇంజనీర్లు అన్నాయి. 1829లో లండన్‌లోని చెల్సీ నీటి కంపెనీ కోసం జేమ్స్ సింప్సన్ ఇసుక పొరల గుండా థేమ్స్ నది నీటిని వడగట్టే ఏర్పాటు చేశాడు. ఆ ఇసుక పైపొరలో పేరుకునే సూక్ష్మజీవుల జిగురు పొరే నీటిలోని క్రిములను పట్టి తినేస్తుందని తర్వాతి కాలంలో తెలిసింది.

ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి. నేల నీటిని శుభ్రం చేస్తుంది. అయితే దానికి మూడు షరతులున్నాయి. కొద్దికొద్దిగా ఇవ్వాలి. నెమ్మదిగా ఇవ్వాలి. తాగే నీటికి దూరంగా ఇవ్వాలి. మిగిలిన మురుగునీటి చరిత్రంతా ఈ మూడు షరతులు పాటించిన చోట ఏం జరిగింది, తప్పిన చోట ఏం జరిగింది అన్నదే.

ప్రపంచం నేర్చుకున్న తీరు

నాలుగు వేల ఏళ్లకు పూర్వమే మొహెంజొదారోలో ఇంటి స్నానాల నీరు కప్పు వేసిన వీధి కాలువలోకి వెళ్లేది. దారిలో అక్కడక్కడ మడ్డి కిందికి దిగేందుకు గుంతలు కట్టారు. తర్వాతి కాలపు తక్షశిల, హస్తినాపురం తవ్వకాల్లో కాల్చిన మట్టి ఉంగరాలను ఒకదానిపై ఒకటి పేర్చి చేసిన ఇంకుడు గుంతలు బయటపడ్డాయి. అంటే మనం ఇప్పుడు సిమెంటు రింగులతో చేస్తున్న పని ఈ దేశానికి కొత్త కాదు.

షరతు తప్పిన కథ లండన్‌ది. 1854 ఆగస్టు నెలాఖరులో సోహో ప్రాంతంలోని బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా వచ్చింది. కొద్ది వారాల్లో 600 మందికి పైగా చనిపోయారు. డాక్టర్ జాన్ స్నో ఏ ఇంట్లో ఎవరు చనిపోయారో లెక్క తీసి, వాళ్లలో ఎక్కువమంది ఒకే చేతిపంపు నీళ్లు తాగారని చూపించాడు. పంపు పిడి తీసేశారు. తర్వాత తవ్వి చూస్తే పక్కింటి మలగుంతకు, ఆ బావికి మధ్య మూడు అడుగుల దూరం కూడా లేదు. జబ్బు చేసిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లను ఆ గుంతలోనే పోశారు. పాడుబడ్డ గుంత, పక్కనే బావి. ప్రపంచంలోకెల్లా గొప్ప నగరంలో ఇది జరిగింది. కాబట్టి ఈ తప్పుకు చదువు, డబ్బు, జాతి అడ్డం కావు.

ఆ తర్వాత పెద్ద ఊళ్లకు పెద్ద ఉపాయాలు వచ్చాయి. 1895లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ పట్టణంలో డొనాల్డ్ కామెరాన్ మూసిన తొట్టిలో మురుగును నిలిపి, గాలి అవసరం లేని సూక్ష్మజీవులతో కుళ్లబెట్టే పద్ధతి పెట్టి దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగులోకి గాలి ఊది, గాలితో బతికే సూక్ష్మజీవులను పెంచి గంటల్లో శుభ్రం చేసే పద్ధతి కనిపెట్టారు. హైదరాబాద్‌లో మీరు చూసే శుద్ధి కేంద్రాల్లో చాలావాటికి మూలం అదే.

అలాంటి కేంద్రానికి కరెంటు కావాలి, మోటర్లు కావాలి, రోజంతా చూసుకునే మనిషి కావాలి. యాభై ఇళ్ల గూడేనికి అది మోయలేని బరువు. అక్కడ నేలే శుద్ధి కేంద్రం కావాలి.

ఊరు స్థిరపడింది, నీళ్లు ఇంటికొచ్చాయి

మన దగ్గర మార్పు మెల్లగా వచ్చింది. నిజాం ప్రభుత్వం అడవిని రిజర్వు చేశాక కదిలే గూడేనికి చోటు లేకుండా పోయింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, ఆ దశకంలోనే మన వాళ్లకు కొన్ని భూములకు పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. బడి వచ్చింది, దారి వచ్చింది, ఊరు ఒకచోట నిలిచింది. పట్టా నిలిచిన చోట ఇల్లు నిలుస్తుంది. ఇల్లు నిలిచిన చోట వాడిన నీళ్లు కూడా నిలుస్తాయి.

తర్వాత ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు వచ్చాయి. ఏజెన్సీలో రెండు మూడు వందల మంది ఒకే బోరు మీద ఆధారపడి బతకడం అలా మొదలైంది. తలకు 50 లీటర్ల చొప్పున వేసుకున్నా 300 మంది పిల్లల హాస్టల్‌కు రోజుకు 15,000 లీటర్లు కావాలి. భవనం కట్టేటప్పుడు గదులెన్ని, మంచాలెన్ని అని లెక్క వేసినంత శ్రద్ధగా ఈ నీళ్లు ఎటు పోతాయని లెక్క వేసిన చోట్లు తక్కువ.

2016లో మిషన్ భగీరథ మొదలైంది. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. మన ఆడపిల్లల నెత్తి మీది బిందె దిగింది. ఇది చిన్న విషయం కాదు. కానీ లెక్క చూడండి. యాభై ఇళ్లు, 250 మంది ఉన్న గూడెం. లక్ష్యం మేరకు నీళ్లు వస్తే రోజుకు 25,000 లీటర్లు. ఇంజనీర్ల లెక్క ప్రకారం వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది. అంటే రోజుకు 20,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు ప్రతిరోజూ వచ్చి మన వీధిలో కుమ్మరించి పోయినట్టే.

నీళ్లు ఊరిలోకి తెచ్చిన పైపుకు పథకం ఉంది, పేరు ఉంది, శిలాఫలకం ఉంది. అవే నీళ్లు బయటికి పోయే దారికి చాలా గూడేల్లో ఏదీ లేదు. ఉన్న చోట సిమెంటు మోరి కట్టి చివర ఊరి బయట వదిలేశారు. మోరి నీటిని శుభ్రం చేయదు. మన గుమ్మం ముందు నుంచి ఇంకొకరి చేను దాకా, లేదా మన వాగు దాకా మోసుకుపోతుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. మురికి నీటిలో పెరిగేవన్నీ మలేరియా దోమలు కావు. మలేరియా దోమ ఎక్కువగా శుభ్రమైన నీటిలో గుడ్లు పెడుతుంది, డెంగీ దోమ మన ఇంటి తొట్లలో, టైర్లలో నిలిచిన నీటిలో పెడుతుంది. మోరీలో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలు తెస్తుంది. మురుగు తాగునీటిలో కలిస్తే విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు వస్తాయి. కాబట్టి ఇంట్లో తొట్లు వారానికోసారి ఆరబెట్టడం, వీధిలో మురుగు నిలవకుండా చూడడం రెండూ వేర్వేరు పనులు. రెండూ చేయాలి.

రెండు గుంతల మరుగుదొడ్డి

ఇంటి నుంచి వచ్చే నీరు రెండు రకాలు. స్నానం, బట్టలు, వంటింటి నీరు ఒకటి. అధికారులు దీన్నే గ్రే వాటర్ అంటారు. మరుగుదొడ్డి నీరు రెండోది. ఈ రెండింటినీ కలపకపోవడమే సగం శుద్ధి.

మరుగుదొడ్డికి మన దేశమే మంచి ఉపాయం చూపింది. 1950లలో లక్నోలోని ప్రణాళికా పరిశోధన సంస్థ తక్కువ నీటితో పనిచేసే గుంత మరుగుదొడ్డిని పల్లెలకు తెచ్చింది. 1970లో బిహార్‌లో బిందేశ్వర్ పాఠక్ స్థాపించిన సులభ్ సంస్థ రెండు గుంతల పద్ధతిని దేశమంతా వ్యాపింపజేసింది. ఒక గుంత నిండాక దాన్ని మూసి రెండోదానికి దారి మళ్లిస్తారు. మూసిన గుంతను రెండేళ్లు వదిలేస్తే లోపలిది వాసన లేని ఎరువుగా మారుతుంది. గుంత గోడల సందుల్లోంచి నీరు నేలలోకి ఇంకుతుంది.

2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక మన గూడేల్లో కూడా చాలా మరుగుదొడ్లు వచ్చాయి. మీ ఇంటి దొడ్డిని ఒకసారి పరిశీలించండి. గుంత అడుగున సిమెంటు పోశారా? పోస్తే నీరు ఇంకదు. రెండు గుంతలకూ ఒకేసారి నీరు పోతోందా? పోతే రెండూ కలిసే నిండుతాయి. తాగునీటి బావికి, బోరుకు కనీసం 10 మీటర్ల దూరం ఉందా? పగుళ్ల రాయి, ఇసుక నేల అయితే ఇంకా ఎక్కువ దూరం కావాలి. సెప్టిక్ ట్యాంకు కట్టుకున్నవాళ్లు దాని బయటి గొట్టం ఎక్కడికి పోతోందో చూడండి. ట్యాంకు నుంచి వచ్చే నీరు తేటగా కనిపించినా అందులో క్రిములు ఉంటాయి. దాన్ని మోరీలోకి వదలకూడదు, ఇంకుడు గుంతలోకి పంపాలి.

రెండు గుంతల పద్ధతిలో మనకు నచ్చాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఇందులో ఒకరి పచ్చి మలాన్ని ఇంకొకరు ఎత్తాల్సిన పని లేదు. ఆ దురాచారాన్ని ఆపడానికి దేశం 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం చేయాల్సి వచ్చింది. మన గూడేల్లో ఇతరుల మలం ఎత్తే కులం అంటూ లేదు. ఎవరి ఇంటి శుభ్రత వారిదే. కొత్త సౌకర్యాల పేరుతో ఆ పాపాన్ని మన ఊళ్లోకి తెచ్చుకోకూడదు.

పొరుగు జిల్లా చూపిన దారి

ఆదిలాబాద్ నుంచి ముద్ఖేడ్ వెళ్లే రైలు దారిలో హిమాయత్‌నగర్ స్టేషన్ వస్తుంది. అది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా. మనకు పరాయి నేల కాదు. ఒకప్పుడు అదంతా నిజాం రాజ్యమే. 1956 దాకా కిన్వట్ ప్రాంతం మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఈ రోజుకీ మన బంధుత్వాలు అటూ ఇటూ నడుస్తున్నాయి.

ఆ హిమాయత్‌నగర్ తాలూకాలోని టెంభుర్ణి అనే ఊరు మోరీలు కట్టడం మానేసి, ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకుంది. దోమలు లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. 2010ల దశకంలో జిల్లా అధికారులు దాన్ని చూసి ఉపాధి హామీ పనుల కింద మిగతా ఊళ్లకు తీసుకుపోయారు. నాందేడ్ పద్ధతి అని దానికి పేరు వచ్చింది. మన దగ్గర మ్యాజిక్ గుంత అంటున్నది ఇదే.

అందులో మాయ ఏమీ లేదు. పొడవు, వెడల్పు, లోతు సుమారు నాలుగేసి అడుగుల గుంత తీస్తారు. మధ్యలో చిన్న సిమెంటు తొట్టి పెడతారు. తొట్టి పైభాగంలో రంధ్రాలుంటాయి. చుట్టూ పెద్ద రాళ్లు, వాటిపైన చిన్న రాళ్లు, కంకర నింపి మూసేస్తారు. ఇంటి నీరు మొదట తొట్టిలో పడుతుంది. మెతుకులు, మడ్డి అడుగుకు దిగుతాయి. తేట నీరు రంధ్రాల్లోంచి రాళ్ల మధ్యకు, అక్కడి నుంచి నేలలోకి పోతుంది. మొహెంజొదారో మడ్డి గుంత, మన చెలమ ఒకేచోట కలిసినట్టు ఉంటుంది. కొన్ని నెలలకోసారి తొట్టిలోని మడ్డి తీసి ఎరువు కుప్పలో వేయాలి. ఈ పని మరిచిన గుంత ఏడాది తిరక్కుండానే పూడుకుపోతుంది. పూడుకుపోయిన గుంతలను చూసి పద్ధతి పనికిరాదని తీర్పు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

నల్లరేగడి నేలలో ఏం చేయాలి?

మన జిల్లాలో చాలా ఊళ్లు నల్లరేగడి మీద ఉన్నాయి. వానాకాలంలో ఆ నేల ఉబ్బి నీటిని తాగదు. పైగా అప్పుడు భూగర్భ నీరు పైకి వస్తుంది. అక్కడ ఒక్క గుంత చాలదు. నీటిని లోతుకు పంపకుండా వెడల్పుగా పరచాలి. ముందు మడ్డి తొట్టి, తర్వాత రాళ్లు నింపిన పొడవాటి కందకం, దాని మీద నీళ్లు బాగా తాగే మొక్కలు: అరటి, మెట్ట తామర, చేమ. 1950లలో జర్మనీలో కేథే సైడల్ అనే శాస్త్రవేత్త నీటి మొక్కలు మురుగును శుభ్రం చేస్తాయని ప్రయోగాలు చేసి చూపించింది. మొక్క వేళ్ల చుట్టూ పెరిగే సూక్ష్మజీవులే అక్కడ అసలు పనివాళ్లు.

మేము చూసిన ఒక హాస్టల్‌లో స్నానాల నీరు చాలా ఏళ్లు కింది గూడెం దారిలో పారింది. ఆ ఊరి అవ్వ ఒకామె వచ్చి, "బిడ్డా, మీ పిల్లలు చదువుకోవాలె, మా పిల్లలు జ్వరంతో పండుకోవాలెనా?" అని అడిగింది. ఆ మాటకు జవాబుగా పెద్ద తరగతి ఆడపిల్లలు, గూడెం యువకులు కలిసి వంటింటి నీటికి జిడ్డు ఆపే తొట్టి, స్నానాల నీటికి మడ్డి తొట్టి, దాని తర్వాత అరటి మడి ఏర్పాటు చేశారు. ఎండాకాలంలో నీరంతా మడిలోనే ఇంకింది. వానాకాలంలో కొంత పొంగింది, అప్పుడు మడిని ఇంకో వరుస పెంచారు. సైన్సు పుస్తకంలోని పాఠం ఆ పిల్లలకు మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

గ్రామసభలో అడగండి

ఈ పనికి హక్కు మన చేతిలోనే ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో అభివృద్ధి ప్రణాళికలను పంచాయతీ మొదలుపెట్టే ముందు గ్రామసభ ఆమోదించాలి. ఖర్చు చేసిన నిధులకు ధ్రువీకరణ ఇవ్వాల్సిందీ గ్రామసభే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో 500కు పైగా జనాభా ఉన్న అనేక గూడేలు, తండాలు సొంత పంచాయతీలయ్యాయి. 2020లో వచ్చిన స్వచ్ఛ భారత్ రెండో దశ మార్గదర్శకాల్లో 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి వాడిన నీటి నిర్వహణ కోసం తలకు 280 రూపాయల దాకా రాశారు. 250 మంది గూడేనికి అది 70,000 రూపాయలు. అది చాలా పెద్ద మొత్తం కాకపోయినా పని మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

అందుకే మీకు మేము అప్పగించే పని ఇది. ముందు మీ గూడెం పటం గీయండి. బావులు, బోర్లు, నల్లాలు నీలి రంగులో, మరుగుదొడ్డి గుంతలు, మోరీలు, నీరు నిలిచే చోట్లు ఎర్ర రంగులో గుర్తు పెట్టండి. ఎర్ర చుక్క నీలి చుక్కకు ఎక్కడ దగ్గరగా ఉందో చూడండి. జాన్ స్నో చేసిన పనీ అదే. ఆ పటాన్ని పటేల్ దగ్గర, పెద్దల దగ్గర, రాయ్ సెంటర్‌లో పెట్టి మాట్లాడండి. తర్వాత గ్రామసభలో మూడు ప్రశ్నలు అడగండి. ఊరిలోకి రోజుకు ఎన్ని నీళ్లు వస్తున్నాయి? వాడిన నీళ్లు ఎక్కడ ఇంకుతున్నాయి? మోరీ చివర ఎవరి చేను, ఎవరి వాగు ఉంది?

జల్, జంగల్, జమీన్ అని మనం ప్రతి సభలో అంటాం. అందులో మొదటి మాట జల్. నీటి మీద హక్కు అడిగినవాళ్లం, మన వాకిట్లోంచి బయటికి పోయే నీటికి కూడా బాధ్యులం. వచ్చే వానాకాలానికి ముందు ప్రతి గూడెంలో ఒక పటమైనా సిద్ధం కావాలి. సెలవు చీటీలు తగ్గిన రోజు ఆ లెక్క మా రిజిస్టర్లలో మేమే మీకు చూపిస్తాం.